తైవాన్ వెళ్తున్నారా? కొండలు ముందు, తైపే చివర

2025 సెప్టెంబరు 23. మనకు శరన్నవరాత్రులు మొదలైన మరునాడు. తైవాన్ తూర్పున హువాలియెన్ జిల్లాలోని గ్వాంగ్‌ఫు అనే చిన్న ఊరిని ఆ మధ్యాహ్నం బురదనీళ్లు ముంచేశాయి. అంతకు రెండు నెలల ముందు కొండచరియ విరిగి మతైయాన్ వాగుకు అడ్డంగా పడింది. దాని వెనక చెరువంత నీరు నిలిచింది. రగాసా తుపాను వానకు ఆ నీరు కట్ట మీదుగా పొర్లి ఊరి మీద పడింది. రహదారి వంతెన కొట్టుకుపోయింది. పది మందికి పైగా చనిపోయారు. గ్వాంగ్‌ఫు పర్యాటకులకు కొత్త ఊరేమీ కాదు. పాత చక్కెర మిల్లు దగ్గర ఐస్‌క్రీం తినడానికి, చిత్తడి నేలలు చూడడానికి తూర్పు లోయ టూరు వాహనాలు అక్కడ ఆగుతుంటాయి.

రగాసా తైవాన్ తీరం దాటలేదు. దక్షిణంగా తన దారిన పోయింది. 2010 అక్టోబరులో మేగీ తుపాను కూడా అంతే, తైవాన్‌ను తాకకుండా చైనా తీరానికి వెళ్లింది. దాని వానకు హువాలియెన్ వెళ్లే తీరపు దారి, సూహువా రహదారి మీద కొండ జారి చైనా పర్యాటకుల బస్సు గల్లంతైంది. బంగాళాఖాతం తుపానులు చూసి పెరిగిన మనం మొదట అడిగేది ‘తీరం ఎక్కడ దాటుతుంది?’ అనే. మచిలీపట్నం దగ్గర దాటుతుందంటే విశాఖ ఊపిరి పీల్చుకుంటుంది. ఆ లెక్క అక్కడ పనికిరాదు. ఆ ద్వీపం నడుమ మూడు వేల మీటర్లు దాటిన శిఖరాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. మేఘాలు ఆ గోడకు తగిలి అక్కడే కుమ్మరిస్తాయి. 2009 ఆగస్టులో మొరకోట్ తుపానప్పుడు అలీషాన్ ప్రాంతంలో కొద్ది రోజుల్లోనే 2,500 మిల్లీమీటర్లకు పైగా పడింది. హైదరాబాద్‌లో మూడేళ్లు కురిస్తే అంత. ఆ వానకు దెబ్బతిన్న అలీషాన్ కొండ రైలు మార్గం మళ్లీ పూర్తిగా తెరుచుకునేసరికి 2024 జులై వచ్చింది.

గొడుగు, మందులు, పాస్‌పోర్టు నకళ్లు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

కదలని రోజు

నేను తైవాన్‌లోని షిన్‌చు నగరంలో ఉద్యోగం చేస్తాను. వేసవికీ దసరాకీ వచ్చే తెలుగు కుటుంబాలు తమ ప్రణాళికలను ‘ఒకసారి చూడండి’ అంటూ నా ఫోనుకు పంపుతుంటాయి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. దిగగానే తైపే, షాపింగ్, నైట్ మార్కెట్లు. తర్వాత సన్ మూన్ సరస్సు, అలీషాన్. చిట్టచివర హువాలియెన్. మర్నాడు ఉదయం తిరుగు విమానం. ‘మొదట పిల్లలు అలసిపోకూడదు కదండీ’ అంటారు.

తలకిందులుగా వేశారు. హైస్పీడ్ రైలు తూర్పు తీరానికి వెళ్లదు. తైపే నుంచి హువాలియెన్‌కు కొండ అంచున ఒక రహదారి, ఒక రైలు మార్గం. పెద్ద వానకు రెండూ ఒకేసారి మూతపడవచ్చు. అక్కడ చిక్కుకుపోతే పెద్ద నష్టమేమీ లేదు, హోటల్లో ఒక రాత్రి ఎక్కువ ఉంటారు. ప్రాణం మీదికి వచ్చేది, రేపే విమానం ఉంది కాబట్టి చిక్కుకుపోకూడదని బయలుదేరినప్పుడు. నేను ఎరిగిన ఒక కుటుంబం అలాగే బయలుదేరింది. ఉదయం డ్రైవరు వద్దన్నాడు. ‘మూడు నెలల ముందే డబ్బు కట్టాం, వాన కూడా తగ్గింది’ అన్నారు వీళ్లు. ముందు బండరాళ్లు, వెనక బండరాళ్లు, మధ్యలో తెల్లవార్లూ వ్యాను. అందులో షుగరు ఉన్న అత్తగారు, నిద్రపోని ఇద్దరు పిల్లలు. అందరూ క్షేమంగానే బయటపడ్డారు, అది వేరే విషయం. వాన తగ్గిందన్న మాటకు కొండ మీద అర్థం లేదు. తడిసిన మట్టి వాన ఆగాక కూడా జారుతుంది.

అందుకే వరస మార్చండి. కొండలు, తూర్పు తీరం ముందు. వాటి వెనకే ఒక ఖాళీ రోజు. తైపే చివర. ఆ ఖాళీ రోజుకు టికెట్ కొనవద్దు, హోటల్ తప్ప ఏదీ బుక్ చేయవద్దు. వాతావరణం బాగుంటే ఆ రోజు దండగ అవుతుందని దిగులు పడకండి, తైపేలో పిల్లలు దాన్ని ఇట్టే ఖర్చు చేసేస్తారు. టూరు సంస్థతో మాట్లాడుతున్నప్పుడు, తుపాను హెచ్చరిక వస్తే రోజు మార్చుకోవచ్చా, డబ్బు తిరిగి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాటగా ‘చూద్దాం సార్’ అంటే ఇవ్వరని అర్థం.

తైవాన్ వాతావరణ శాఖ మొదట సముద్ర హెచ్చరిక ఇస్తుంది, తర్వాత భూభాగ హెచ్చరిక. మీరు కొండ ప్రయాణం మానుకోవలసింది మొదటిదానికే. స్థానిక ప్రభుత్వాలు సాధారణంగా ముందు రోజు సాయంత్రమే తుపాను సెలవు ప్రకటిస్తాయి. మీరు వెళ్లబోయే జిల్లాకు సెలవు ఇచ్చారంటే అక్కడికి వెళ్లవద్దనే. మూసిన చోటికి, ఎగసే అలలు చూడడానికి సముద్రం ఒడ్డుకు వెళ్తే యాభై వేల నుంచి రెండున్నర లక్షల తైవాన్ డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

తుపాను లేని రోజున వాగులున్నాయి. 2021 అక్టోబరు 16న తైపేకు దగ్గరలోని హూబావోతాన్ అనే మడుగు దగ్గర పిల్లలతో విహారానికి వచ్చిన బృందం వాగులోని మెట్టురాళ్ల మీదుగా దాటుతుండగా ఒక్కసారిగా నీరు పెరిగింది. ఆరుగురు పోయారు. మీ తల మీద ఎండ కాస్తూ ఉండవచ్చు, పైన కొండల్లో ఎక్కడో వాన పడితే చాలు. నీరు రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా ఫొటో ఆపి పైకి రండి. మళ్లీ అదే మాట: ఈ రోజే చూసి తీరాలన్న పట్టుదల లేనివారికి వాగు దాటవలసిన పనే ఉండదు.

నైట్ మార్కెట్లలో

తైపేలోని రావోహె, షీలిన్, తైచుంగ్‌లోని ఫెంగ్‌జియా, ఏదైనా సరే, జనం ఒక ప్రవాహంగా కదులుతారు. లోపలికి అడుగుపెట్టే ముందే తప్పిపోతే కలుసుకునే చోటు పిల్లలకు చూపించండి. రావోహెలో ఒక చివర ఉన్న త్సియో గుడి అందుకు బాగుంటుంది, దూరం నుంచే వెలుగుతూ కనిపిస్తుంది. హోటల్ కార్డు పిల్లల జేబులో పెట్టండి.

శాకాహారులు స్వస్తిక గుర్తు ఉన్న అంగడి వెతకాలి. అక్కడ అది బౌద్ధ శాకాహారానికి గుర్తు, ఉల్లీ వెల్లుల్లీ కూడా వేయరు. కొన్నిచోట్ల గుడ్డు, పాలు ఉంటాయి, అడగాలి. మిగతా అంగళ్లలో కంటికి కనిపించేదాన్ని నమ్మవద్దు. ఉల్లికాడల రొట్టెలో పంది కొవ్వు ఉండవచ్చు. బేకరీ బన్ను మీద దూదిలా కనిపించేది చాలాసార్లు పంది మాంసపు పొడి. కంపు టోఫును ఊరబెట్టే నీళ్లలో రొయ్యలు వేసేవాళ్లున్నారు. ఇది ఆచారం సంగతి. వేరుశనగ పడని పిల్లలున్న ఇంట్లో ఇది ప్రాణం సంగతి. ఐస్‌క్రీం చుట్టలు, మోచీ, పంది రక్తపు కేకు, అన్నిటి మీదా వేరుశనగ పొడి చల్లుతారు. ‘మా పిల్లవాడికి వేరుశనగ పడదు’ అన్న వాక్యం చైనీస్‌లో రాయించి ఫోనులో దాచుకోండి, అలర్జీ మందు చేతి సంచిలో ఉంచండి.

ఇక మిగిలినవి

చిన్న పిల్లలకు ముత్యాల టీ ఇవ్వవద్దు. అందులో వేసే కర్రపెండలం పిండి గోళీలు లావాటి స్ట్రాలోంచి నేరుగా గొంతులోకి వస్తాయి.

తైపేకు దగ్గరలోని షీఫెన్‌లో కాగితపు ఆకాశదీపాలు వదిలేది రైలు తిరిగే పట్టాల మీదే. కూత వినబడగానే దిగండి. దీపం దగ్గర చున్నీ, పట్టు చీర కొంగు బిగించుకోండి.

నడిమి కొండల్లో రోడ్డు వెళ్లే వూలింగ్ కనుమ 3,275 మీటర్ల ఎత్తు. గుండె జబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్లను కింది నుంచి ఒక్క ఉదయంలో అక్కడికి ఎక్కించవద్దు. తలనొప్పి, వాంతి మొదలైతే వెంటనే కిందికి.

హువాలియెన్ దగ్గరి జాతీయ పార్కు తారోకో లోయకు 2024 ఏప్రిల్ 3 భూకంపానికి ముందు తీసిన వీడియోలు చూసి టికెట్లు కొనవద్దు. చాలా దారులు ఆ భూకంపంతో మూతపడ్డాయి. ఏవి తెరిచారో పార్కు వెబ్‌సైటులో ఆ వారమే చూడండి.

ఫోను హెచ్చరికలు ఆపేయవద్దు. భూకంపం అలారం మోగితే బల్ల కింద దూరండి, మెట్ల వైపు పరుగెత్తవద్దు.

మాంసం పచ్చళ్లు పెట్టెలో పెట్టవద్దు. గోంగూర మటనైనా సరే, చికెనైనా సరే.

తైపే మెట్రోలో మంచినీళ్లు కూడా తాగవద్దు. జరిమానా 1,500 తైవాన్ డాలర్ల నుంచి మొదలు.

స్కూటర్ అద్దెకు తీసుకోవద్దు. ముఖ్యంగా పిల్లవాణ్ణి ముందు నిలబెట్టుకుని.

ముందే చెప్పి కారులో పిల్లల సీటు పెట్టించుకోండి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అనవద్దు.

డ్రైవరు వద్దంటే వద్దు. టిప్పు ఎక్కువ ఇస్తానని బతిమాలవద్దు. ఆయనకు ఇల్లుంది.

హువాలియెన్ తర్వాతి రోజుకు విమానం బుక్ చేయవద్దు. చేసి ఉంటే ఇవాళే మార్చండి.

అంబులెన్సుకు 119, పోలీసులకు 110. ఇంగ్లిష్‌లో మాట్లాడే పర్యాటక సహాయ కేంద్రం 0800-011-765, రాత్రీ పగలూ పలుకుతుంది. ఈ మూడూ అందరి ఫోన్లలోనూ ఉండాలి, తాతగారి ఫోనులో కూడా.