ఇంట్లో చివరి దశ క్యాన్సర్ రోగి ఉంటే నర్సు సాయం ఎలా అందుకోవాలి?

ఇంటికొచ్చే నర్సు వారానికి రెండు మూడుసార్లు వస్తుంది, గంటసేపు ఉంటుంది. మిగతా పగళ్లూ రాత్రుళ్లూ మీవే. కాబట్టి ఆ గంటలో ఆవిడ దగ్గర మీరేం నేర్చుకున్నారన్నదే లెక్క. ఏళ్ల తరబడి ఇలాంటి ఇళ్లకు తిరుగుతున్న నర్సుని నేను. చాలాచోట్ల ఆ గంట బీపీ చూడటంతో, కట్టు మార్చడంతో అయిపోతుంది. రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది: "సిస్టర్, నొప్పి తట్టుకోలేకపోతున్నారు, ఏం చేయాలి?"

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

మంచం ఎదురుగా గోడ గడియారం, సూది లేని సిరంజి, చేతి తొడుగులు, నడుము కింద పరచడానికి ఒక గట్టి దుప్పటి, ఒక నోట్‌బుక్, నీలం పెన్ను, ఎరుపు పెన్ను. నోట్‌బుక్కే వాడండి, ఫోన్‌లో రాయొద్దు. రాత్రి ఎవరు మేలుకున్నా అదే పుస్తకం తెరిచి చూడాలి. ఫోన్ దాని యజమానితోపాటే వెళ్లిపోతుంది.

నర్సు చేస్తుంటే చూడకండి, మీరు చేయండి

పక్కకు తిప్పడం, పడుకున్న మనిషి కింద దుప్పటి మార్చడం, తడి గుడ్డతో నోరు తుడవడం. ఇవన్నీ రెండు విజిట్లలో వచ్చేస్తాయి. రెండు గంటలకోసారి పక్క మార్చండి. మడమలు, నడుము కింది భాగం రోజూ చూడండి. ఎర్రబడిన చోట రుద్దకండి, దానివల్ల చర్మం ఇంకా దెబ్బతింటుంది.

కొందరు నర్సులు అన్నీ నోటితో చెప్పి, ఒక కాగితం చేతికిచ్చి వెళ్తారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. భయంలో ఉన్న మనిషి చెవికి మాటలు ఎక్కవు. నేను ఎదురుగా కూర్చుంటాను, మందు కొలిచేది, నోట్లో పోసేది ఇంట్లోవాళ్లే. తర్వాత ఏం చేశారో, ఎందుకు చేశారో నాకు తిరిగి చెప్పాలి. మీ నర్సు అలా అడగకపోతే మీరే అడగండి: "సిస్టర్, మీరుండగా ఒకసారి నేను ఇస్తాను, తప్పుంటే చెప్పండి."

అసలు కష్టం: నొప్పి మందు

ఎక్కువ ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. డాక్టరు మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందును నాలుగు గంటలకోసారి ఇవ్వమని రాస్తారు. ఇంట్లోవాళ్లు "ఇప్పుడు నొప్పి లేదు కదా, ఎందుకు?" అని ఆపేస్తారు. నొప్పి లేనిది ముందు డోసు పనిచేస్తోంది కాబట్టే. దాని ప్రభావం దిగిపోయేలోగా తర్వాతి డోసు పడాలి. ఒకసారి నొప్పి పైకి లేచిందంటే దాన్ని దించడం చాలా కష్టం.

సిసిలీ సాండర్స్ డాక్టరు కాకముందు నర్సు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల్ని చూసుకునే ఆసుపత్రి) తెరిచిన ఆవిడ, నొప్పి కోసం ఎదురుచూడకుండా వేళకు మందివ్వాలని పట్టుబట్టారు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా క్యాన్సర్ నొప్పి మందు గడియారం ప్రకారం ఇవ్వాలనే చెప్పింది. అయినా ఈరోజుకీ ఒక కూతురు తండ్రికి రాత్రంతా మందివ్వకుండా కూర్చుంటుంది, అలవాటు పడిపోతారేమోనని. మార్ఫిన్ ఇస్తే త్వరగా పోతారని ఇంకొకరి భయం. డాక్టరు నొప్పిని చూసి రాసిన డోసు వేళకు ఇస్తే ప్రాణం తీయదు. క్యాన్సర్ నొప్పికి వాడే మందు వ్యసనమవుతుందన్న భయంతో రోగిని బాధలో ఉంచకండి. డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపేయడం మాత్రం ప్రమాదమే.

కొలత దగ్గర చాలా జాగ్రత్త. మిల్లీగ్రాము మందు బరువు, మిల్లీలీటరు ద్రవం కొలత. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 10 మిల్లీగ్రాములు ఉండొచ్చు, ఇంకో సీసాలో 1 మిల్లీలీటరుకే 20 ఉండొచ్చు. అంటే అదే కొలతలో పది రెట్ల మందు. సీసా మారిన ప్రతిసారీ నర్సుకు చూపించి, సిరంజి మీద ఎక్కడిదాకా తీయాలో గీత పెట్టించుకోండి. వంటింటి చెంచా వద్దు. నెమ్మదిగా పనిచేసే రకం బిళ్లల్ని నూరకండి, నమలనివ్వకండి. అలా చేస్తే పన్నెండు గంటలపాటు మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

మధ్యలో నొప్పి లేస్తే ఇవ్వడానికి డాక్టరు విడిగా అదనపు డోసు రాస్తారు. అది ఇచ్చాక "ఇందాకే ఇచ్చాం కదా" అని వేళకివ్వాల్సిన డోసు మానేస్తారు చాలామంది. మానకూడదు, దాని వేళకు అది ఇవ్వాల్సిందే. వేళ డోసు నీలంతో, అదనపు డోసు ఎరుపుతో రాయండి. పక్కన నొప్పి ఎంతుందో 0 నుంచి 10 లోపు అంకె, గంట తర్వాత మళ్లీ అంకె. రోజులో ఎరుపు మూడుసార్లు దాటితే ఆరోజే నర్సుకు చెప్పండి, వేళ డోసు పెంచాల్సి రావచ్చు. డోసు మీరుగా పెంచకండి.

మొదటి రెండు మూడు రోజులు మగత, వాంతి వచ్చేలా ఉండటం మామూలే. మలబద్ధకం మాత్రం తనంతట తగ్గదు. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజునుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయించుకోండి. గట్టిగా పిలిచి కదిపినా లేవకపోతే, శ్వాస నిమిషానికి ఎనిమిది కంటే తగ్గితే, కొత్తగా ఒళ్లు ఉలిక్కిపడుతుంటే తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే ఫోన్ చేయండి. మామూలు నిద్రలో ఉంటే మాత్రం లేపి వేళకు ఇవ్వండి.

మింగలేని రోజు

ఆరోజు వస్తుంది. అప్పటికప్పుడు టెన్షన్ పడకుండా, నోటిద్వారా ఇవ్వలేకపోతే మందు ఎలా ఇవ్వాలో ముందే అడిగి పెట్టుకోండి. చర్మం కింద సన్నని సూది ద్వారా ఇచ్చే పద్ధతి ఉంది. బలవంతంగా అన్నం, నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గొంతులో గురగుర వినిపిస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆ చప్పుడు మీకు వినడానికే కష్టంగా ఉంటుంది, రోగికి చాలావరకు తెలియదు.

మీ నిద్ర

ఇద్దరు వంతులు వేసుకోండి. ఒక్కరే ఉంటే ఆ సంగతి నర్సుకు మొహమాటం లేకుండా చెప్పండి. మూడు రాత్రులు నిద్రలేని చెయ్యి మందు సరిగ్గా కొలవలేదు. నర్సు ఉన్న గంటలో టీ పెట్టే పనీ, బంధువులతో మాట్లాడే పనీ పెట్టుకోకండి.

చివర్లో

రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు నోట్‌బుక్ అట్టమీద పెద్దగా రాయండి. ఊపిరి ఆగినప్పుడు కూడా మొదట ఆ నంబరుకే చేయండి. తర్వాత నర్సు వచ్చినప్పుడు మిగిలిన మార్ఫిన్ ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, ఆవిడ చెప్పినచోట అప్పగించండి. ఇంట్లో ఉంచకండి, ఇంకెవరికీ ఇవ్వకండి.