బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి కొత్త బ్యారెల్ వేయిస్తున్నారా? ఏ కార్ట్రిడ్జ్ పెట్టించాలో ఇలా తేల్చుకోండి

అమెరికాలో డీర్ సీజన్‌కో రేంజ్‌కో వెళ్లే మనవాళ్లు పాత రెమింగ్టన్ 700నో సావేజ్ 110నో సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటారు. కొన్నేళ్లు వాడాక గ్రూపులు, అంటే టార్గెట్ మీద తూటాలన్నీ పడే చోటు, పెద్దవైపోతాయి, గన్‌స్మిత్ బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపల చూసే పరికరం) పెట్టి చూసి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ముందు భాగం కాలిపోయి పగుళ్లు పట్టింది, బ్యారెల్ అయిపోయింది అంటాడు. యాక్షన్ (తూటాని లోపలికి తోసి మూసే బోల్ట్, దాని గూడు ఉన్న భాగం) బానే ఉంది, స్టాక్ బానే ఉంది, ట్రిగ్గర్ బానే ఉంది, బ్యారెల్ ఒక్కటి మారిస్తే చాలు. అప్పుడే అందరికీ వచ్చే ఆలోచన ఏంటంటే ఎలాగూ కొత్త బ్యారెల్ వేయిస్తున్నాం కదా, మళ్లీ అదే కార్ట్రిడ్జ్, అంటే అదే రకం తూటా, ఎందుకు, ఇంకేదైనా మంచిది పెట్టిద్దాం అని. తప్పులేదు, చక్కగా చేయొచ్చు, కాకపోతే చాలామంది వీడియోలు చూసి ముందు కార్ట్రిడ్జ్ మీద మనసు పడి తర్వాత రైఫిల్‌ని దానికి సరిపెట్టాలని చూస్తారు, ఖర్చంతా అక్కడే పెరుగుతుంది. చేతిలో ఉన్న యాక్షన్ దేనికి ఒప్పుకుంటుందో చూసి, అందులోంచి మీకు పనికొచ్చేది ఏరుకోండి.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. మీది ఏ పరిస్థితో లాయర్‌ని అడిగి తేల్చుకున్నాకే తుపాకీ పనిలోకి దిగండి, ఇమ్మిగ్రేషన్‌కి ముడిపడిన విషయం కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇండియాలో లైసెన్స్ రైఫిల్ ఉన్నవాళ్లకి ఈ వ్యాసం అసలు వర్తించదు, అక్కడ 1959 ఆయుధాల చట్టం ఉంది, లైసెన్స్‌లో బోర్ (బ్యారెల్ కన్నం సైజు) కూడా రాసి ఉంటుంది, సొంతంగా మార్చుకునే వ్యవహారం కాదు.

1. బోల్ట్ ఫేస్ కొలవండి

రైఫిల్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూసి, బోల్ట్ బయటికి తీయండి. బోల్ట్ ముందు భాగంలో తూటా అడుగు కూర్చునే గుంట ఉంటుంది కదా, దాన్నే బోల్ట్ ఫేస్ అంటారు. కాలిపర్‌తో కొలవొచ్చు గానీ అంతకన్నా తేలిక దారి, ఇప్పుడున్న బ్యారెల్ మీద ఏ కార్ట్రిడ్జ్ పేరు రాసి ఉందో చూస్తే చాలు, ఆ తూటా అడుగు సైజే మీ బోల్ట్ ఫేస్ సైజు.

మామూలుగా కనిపించేవి మూడు. మొదటిది చిన్నది, తూటా అడుగు సుమారు 0.378 అంగుళాలు, .223 రెమింగ్టన్ దీని మీదే నడుస్తుంది. రెండోది సుమారు 0.473 అంగుళాలు, ఇది 1888లో జర్మన్ సైన్యం తీసుకున్న 8 ఎంఎం తూటా నాటి కొలత, ఇప్పటికీ లోకంలో వేట రైఫిళ్లలో పెద్ద భాగం దీని మీదే ఉంది. .308 విన్చెస్టర్, .243 విన్చెస్టర్, 7ఎంఎం-08, .260 రెమింగ్టన్, 6.5 క్రీడ్‌మూర్, .22-250, .30-06, .270 విన్చెస్టర్, .25-06, .280 రెమింగ్టన్ అన్నీ ఈ ఇంటివే. మూడోది మ్యాగ్నమ్, సుమారు 0.532 అంగుళాలు, 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ నుంచి 7ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్, .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్ దాకా, ఈమధ్య వచ్చిన 6.5 పీఆర్‌సీ, 7ఎంఎం పీఆర్‌సీ కూడా ఇటే.

అదే ఇంట్లో ఉండిపోండి, నేను అందరికీ ఇదే చెప్తాను. చిన్న ఫేస్‌ని లేత్ మీద పెట్టి పెద్దది చేయొచ్చు, పెద్దదాన్ని చిన్నది చేయడం మాత్రం కుదరదు, వేరే బోల్టే కావాలి. పెద్దది చేసినా పని అక్కడితో అయిపోదు, ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా గుల్లని బయటికి లాగే కొక్కెం) మార్చాలి, మ్యాగజైన్ పెదవులూ ఫాలోవరూ (తూటాలని పైకి తోసే పలక) సరిపోవు, లావు తూటా ఫీడ్ అవకుండా ఇరుక్కుంటే మళ్లీ గన్‌స్మిత్ దగ్గరికే. ఆ డబ్బుతో మంచి బ్యారెల్ వస్తుంది. సావేజ్ ఉన్నవాళ్లకి కొంచెం వెసులుబాటు ఉంది, దాని బోల్ట్ హెడ్ విడిగా ఊడుతుంది కాబట్టి వేరే సైజు హెడ్ కొని వేసుకోవచ్చు.

2. మ్యాగజైన్ లోపలి పొడవు చూడండి

బోల్ట్ ఫేస్ కుదిరిందని తూటా పట్టేస్తుందని కాదు. .308 మొత్తం పొడవు ప్రమాణం ప్రకారం గరిష్ఠంగా 2.810 అంగుళాలు, 6.5 క్రీడ్‌మూర్ 2.825, అందుకే రెండూ షార్ట్ యాక్షన్‌లో పడతాయి. .30-06, .270 అయితే 3.340, వాటికి లాంగ్ యాక్షన్ ఉండాల్సిందే. మధ్యలో చిక్కేది 6.5 పీఆర్‌సీ, దాన్ని షార్ట్ యాక్షన్ కార్ట్రిడ్జ్ అనే అమ్ముతారు గానీ దాని పొడవు 2.955, రెమింగ్టన్ 700 షార్ట్ యాక్షన్‌కి ఫ్యాక్టరీ ఇచ్చిన మ్యాగజైన్ బాక్స్ 2.8 పైచిలుకే, అంటే మ్యాగజైనూ దాని కింద మెటలూ మార్చుకోవాలి. టిక్కా టీ3 సంగతి వేరు, అన్నిటికీ ఒకే పొడవు యాక్షన్ వాడతారు, మ్యాగజైనూ బోల్ట్ స్టాపూ మాత్రం తేడా ఉంటాయి.

అన్నట్టు లాంగ్ యాక్షన్‌లో పొట్టి తూటా పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెట్టొచ్చు, పనిచేస్తుంది, కానీ బాక్స్‌లో ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది, బోల్ట్ కూడా అక్కర్లేనంత దూరం లాగాలి. లాంగ్ యాక్షన్ ఉంటే .270, .280, .30-06 లాంటి చక్కటి తూటాలు ఉండగా ఆ అవస్థ ఎందుకు?

3. యాక్షన్ పాతదైతే బలం సంగతి తేల్చుకోండి

ఇది ప్రాణానికి సంబంధించిన మాట, దయచేసి దాటేయకండి. మౌజర్ 98 మంచి గట్టి డిజైన్, వెనక మూడో లగ్ (బోల్ట్‌ని లాక్ చేసే పన్ను) కూడా ఉంటుంది, కానీ దానికి ముందు వచ్చిన 93, 95, 96 మోడళ్లలో ఆ మూడో లగ్ లేదు, ఆ తక్కువ ప్రెషర్ కాలం యాక్షన్ల మీద 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ప్రెషర్) మీద నడిచే 6.5 క్రీడ్‌మూర్, .308 లాంటివి పెట్టించొద్దు. అలాగే 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ తయారీ 800,000 కన్నా తక్కువ సీరియల్ నెంబర్లు, రాక్ ఐలండ్ తయారీ 285,507 కన్నా తక్కువ నెంబర్లు హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా కుదరక పెళుసుగా ఉన్నాయని పేరు, కొన్ని రిసీవర్లు (బోల్ట్ కూర్చునే లోహపు గూళ్లు) పగిలాయి కూడా. అలాంటిది దొరికితే గోడకి పెట్టుకోండి, దానికి కొత్త బ్యారెల్ వేయించకండి.

4. దేన్ని కొట్టాలి, ఎంత దూరం, ఏ రాష్ట్రం

ఇప్పుడు మీ లిస్టు పది కార్ట్రిడ్జ్‌లకి దిగి ఉంటుంది, ఇక్కడ సగానికి సగం పోతాయి. టెక్సస్‌లో వైట్‌టెయిల్ డీర్‌కి సెంటర్‌ఫైర్ (పిన్ అడుగు మధ్యలో కొట్టి పేల్చే తూటా) అయితే చాలు, .22 రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద కొట్టి పేల్చేది) కుదరదు. కొలరాడో వెళ్లి ఎల్క్ కొట్టాలనుకుంటే కనీసం 6 ఎంఎం బోర్, 85 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బరువు కొలత) బుల్లెట్, అంటే తూటాలోంచి ఎగిరి వెళ్లే ముక్క, ఉండాలని రూల్, కాబట్టి .22-250 పెట్టిస్తే ఆ ట్రిప్ మర్చిపోవాల్సిందే. ఒహాయోలో అయితే డీర్‌కి స్ట్రెయిట్ వాల్ తూటాలే, అంటే మెడ సన్నబడని నిటారు కేస్ (తూటా గుల్ల) ఉన్నవి, కాబట్టి అక్కడుండేవాళ్లు .308 అయినా 6.5 అయినా డీర్‌కి తీసుకెళ్లలేరు. రూల్స్ మారుతుంటాయి, ఆర్డర్ పెట్టే ముందు మీ రాష్ట్రం వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ సీజన్ రూల్స్ చదవండి.

నిజంగా ఎంత దూరం కొడతారో కూడా మీకు మీరే నిజాయితీగా చెప్పుకోవాలి. చెట్ల మధ్య స్టాండ్ మీద కూర్చుని 150 గజాల్లో జింకని కొట్టేవాళ్లకి .300 విన్ మ్యాగ్ దేనికండీ? సుమారు ఏడున్నర పౌండ్ల రైఫిల్‌లో .243 వెనక్కి తన్నేది 10 ఫుట్ పౌండ్ల లోపల, 6.5 క్రీడ్‌మూర్ 12-13, .308 అయితే 17-18, .300 విన్ మ్యాగ్ 25 దాటిపోతుంది. భుజం నొప్పెడితే ట్రిగ్గర్ లాగేముందే కళ్లు మూసుకుంటాం, అప్పుడు గురి ఎక్కడికో పోతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. వేటాడేవాడు అన్నిటికన్నా ముందు తప్పించుకోవాల్సింది అదే. ఇంట్లో భార్యో పిల్లలో కూడా వాడతారనుకుంటే .243, 7ఎంఎం-08, 6.5 క్రీడ్‌మూర్ దగ్గరే ఆగండి, ఈ మూడిట్లో ఒక్కటే చెప్పమంటే డీర్‌కీ అడవి పందులకీ నేను 7ఎంఎం-08 అంటాను.

5. షాపులో దొరుకుతుందా?

మీ ఊరి అకాడమీలోనో క్యాబెలాస్‌లోనో అరల ముందు నిలబడి ఏ డబ్బాలు ఉన్నాయో, ఎన్ని రకాల బుల్లెట్లు ఉన్నాయో, డబ్బా ఎంతో చూసుకోండి. 2020, 2021లో తూటాల కరువొచ్చినప్పుడు ఊరంతా తిరిగినా ఒక్క డబ్బా దొరకని రోజులున్నాయి. సొంతంగా రీలోడ్ చేసుకునేవాళ్లు, అంటే కాల్చిన కేసుల్లో మళ్లీ గన్‌పౌడరూ బుల్లెట్టూ పెట్టుకునేవాళ్లు, .280 అక్లీ ఇంప్రూవ్డ్ లాంటివి హాయిగా పెట్టుకోవచ్చు. డబ్బా కొని కాల్చేవాళ్లయితే .308, 6.5 క్రీడ్‌మూర్, .30-06, .270, .243, .223 దాటి వెళ్లకపోవడం మంచిది, నేను చెప్పిన 7ఎంఎం-08 కూడా మీ షాపులో రెగ్యులర్‌గా కనపడితేనే.

6. ట్విస్ట్ ఎంత కావాలో బ్యారెల్ ఆర్డర్‌లోనే రాయండి

కార్ట్రిడ్జ్ పేరు తేలగానే పని అయిపోయిందనుకుంటారు, అసలు కొత్త బ్యారెల్‌తో వచ్చే పెద్ద లాభం ఇక్కడే ఉంది. బ్యారెల్ లోపల గాడులు మెలి తిరిగి ఉంటాయి, ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో అదే ట్విస్ట్. బుల్లెట్ పొడవుగా ఉంటే త్వరగా తిరగాలి, లేకపోతే గాల్లో తూలుతుంది, టార్గెట్ మీద గుండ్రటి కన్నం బదులు పక్కవాటంగా చీల్చిన గుర్తు పడుతుంది.

ఒక్క ట్విస్ట్ నెంబర్ కార్ట్రిడ్జ్ జాతకాన్నే మార్చేసిన కథ ఒకటుంది. 1955లో విన్చెస్టర్ .243 తెచ్చింది, అదే ఏడాది రెమింగ్టన్ .244 తెచ్చింది, రెండూ 6 ఎంఎం బోరే, తూటాగా చూస్తే .244లో తుపాకీ మందు కూడా కాస్త ఎక్కువే పడుతుంది. కానీ రెమింగ్టన్ వాళ్లు దాన్ని చిన్న జంతువుల తూటాగా అనుకుని 12 అంగుళాలకి ఒక చుట్టు పెట్టారు, విన్చెస్టర్ 10 అంగుళాలకి పెట్టింది. జనం డీర్ కోసం 100 గ్రెయిన్ల బుల్లెట్ వాడదామంటే .244లో అది సరిగ్గా నిలదొక్కుకోలేదు, అందరూ .243 వైపు పోయారు. 1963లో అదే కేస్‌కి 6ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి 9 అంగుళాల ట్విస్ట్ ఇచ్చినా అప్పటికే ఆలస్యమైపోయింది.

కాబట్టి ముందు బుల్లెట్ అనుకోండి, తర్వాత ట్విస్ట్. 6.5 క్రీడ్‌మూర్‌కి 8 అంగుళాలు మామూలే, అది చాలు. .243లో 105 గ్రెయిన్ల పొడవాటి టార్గెట్ బుల్లెట్లు వాడాలంటే 10 కాకుండా 8 అడగండి. .223లో 70 గ్రెయిన్లు దాటాలంటే 8 లేదా 7. .22-250కి పాతకాలంలో 14 ఇచ్చేవాళ్లు, ఇప్పుడు బరువు బుల్లెట్ల కోసం 8 వేయించుకుంటున్నారు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, అక్కడ 2019 జూలై 1 నుంచి వేటకి సీసం లేని బుల్లెట్లే వాడాలి, రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి రాగి బుల్లెట్ పొడవు పెరుగుతుంది, అంటే ట్విస్ట్ ఇంకొంచెం త్వరగా ఉండాలి. తేల్చుకోలేకపోతే బుల్లెట్ డబ్బా మీదో కంపెనీ సైట్‌లోనో కనీస ట్విస్ట్ రాసి ఉంటుంది, చూడండి.

7. బ్యారెల్ ఆయుష్షు, పొడవు

వేటకి ఏడాదికి ఇరవై ముప్పై తూటాలు కాల్చేవాళ్లకి ఆయుష్షు గురించి బెంగే అక్కర్లేదు. వారం వారం రేంజ్‌కి వెళ్లేవాళ్లకే ఈ లెక్క: .308 మంచి గురితో 5,000 దాకా వస్తుందని, 6.5 క్రీడ్‌మూర్ 2,000 నుంచి 3,000 అని, .243 లాంటివి 1,500 చుట్టుపక్కల అని షూటర్లు చెప్పుకుంటారు, వేడెక్కిన బ్యారెల్‌తో గబగబా కాలిస్తే ఇంకా తగ్గుతుంది. సన్న బోర్‌లోంచి ఎక్కువ మందు పంపిస్తే గొంతు, అంటే ఛాంబర్ ముందు భాగం, త్వరగా కాలుతుంది, అంతే. పొడవు విషయానికొస్తే .308కి 20 అంగుళాలు హాయిగా సరిపోతాయి, మ్యాగ్నమ్‌లకి 24 తగ్గించొద్దు, తగ్గిస్తే స్పీడ్ పోతుంది, చప్పుడే మిగులుతుంది.

8. ఆర్డర్, ఫిటింగ్, పేరు చెక్కించడం

ఫెడరల్ చట్టంలో తుపాకీ అంటే రిసీవర్, బ్యారెల్ విడి భాగమే. టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఎనిస్‌లో షిలెన్ కంపెనీ దగ్గరే, విస్కాన్సిన్‌లో క్రీగర్, క్రైటీరియన్ ఉన్నాయి. సావేజ్‌కి బ్యారెల్ నట్ ఉంటుంది కాబట్టి ఓపిక, వైస్, సరైన రెంచ్ ఉన్నవాళ్లు ఇంట్లోనే మార్చుకుంటారు, రెమింగ్టన్ 700కి కూడా నట్‌తో వచ్చే బ్యారెళ్లు అమ్ముతున్నారు. మొదటిసారి చేస్తున్నవాళ్లు మాత్రం గన్‌స్మిత్‌కే ఇవ్వండి.

ఎవరు వేసినా గో, నో-గో గేజ్‌లు పెట్టి హెడ్‌స్పేస్ (బోల్ట్ ఫేస్ నుంచి ఛాంబర్‌లో తూటా ఆగే చోటు దాకా దూరం) చూడాల్సిందే, అంటే గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు, ఫైరింగ్ పిన్ అసెంబ్లీ తీసేసి వేలితో మెల్లగా చూడాలి, బలవంతం చేయకూడదు. ఇంకా ముఖ్యంగా కొత్త కార్ట్రిడ్జ్ పేరూ ట్విస్టూ బ్యారెల్ మీద కనపడేలా చెక్కించండి. స్టాక్ అదే, స్కోప్ అదే, చూడ్డానికి పాత రైఫిల్‌లానే ఉంటుంది, ఇంట్లో ఇంకొకరు అలవాటు కొద్దీ పాత తూటా పెట్టే ప్రమాదం ఉంది. .223 నుంచి .300 బ్లాకౌట్‌కి మార్చినవాళ్లు ఇంకా జాగ్రత్త, రెండిటికీ అదే బోల్ట్, అదే మ్యాగజైన్, .300 తూటా పొరపాటున .223 రైఫిల్‌లో పడి పేలితే రైఫిల్ ముక్కలవుతుంది, మొహం పోతుంది. పాత కార్ట్రిడ్జ్ డబ్బాలు మిగిలి ఉంటే రైఫిల్ గన్‌స్మిత్ దగ్గరనుంచి ఇంటికొచ్చే ముందే ఆ క్యాబినెట్‌లోంచి తీసేసి, దానికి సరిపోయే రైఫిల్ ఉన్న ఫ్రెండ్‌కి ఇచ్చేయండి.