సాగర్‌లో ఇల్లు టూరిస్టులకు అద్దెకిస్తున్నారా? ముందు ఫోన్‌లో నిజం చెప్పండి

నాగార్జునసాగర్ హిల్ కాలనీలో, ఆ చుట్టుపక్కల, ఇల్లు రోజు లెక్కన అద్దెకిచ్చేవాళ్లు బాగా పెరిగారు. అందరూ డబ్బు తగలేసేది ఒక్కదాని మీదే: గోడకు రంగు లైట్లు, మంచం మీద గులాబీ రేకులు, హంసలా మడిచిన టవల్. హైదరాబాద్ నుంచి పిల్లలతో మూడు నాలుగు గంటలు కారులో కూర్చుని వచ్చినవాళ్లకు ముందు కావాల్సింది టవల్ తప్ప హంస కాదు.

ఇల్లు

దీనికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఉతికి ఆరేసిన దుప్పట్లు రెండు జతలు, తడి లేని బాత్రూమ్, పనిచేసే గీజర్, ఇన్వర్టర్, బకెట్, మగ్గు. షవర్ ఉందని బకెట్ తీసేయకండి, మనవాళ్లకు బకెట్ లేకపోతే స్నానం చేసినట్టే ఉండదు. కోతులు రాకుండా కిటికీలకు మెష్ కొట్టించండి. రూమ్ ఫ్రెషనర్ మాత్రం కొట్టొద్దు. ఆ వాసన రాగానే దేన్నో కప్పిపెడుతున్నారన్న అనుమానం వస్తుంది.

మనది నల్లగొండ జిల్లా. ఆ పేరు అనగానే బయటివాళ్లకు నీళ్లలో ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అడగడానికి మొహమాటపడతారు కాబట్టి తాగే నీళ్లు ఎక్కడివో మీరే చెప్పండి. బోరు నీళ్లయితే కాచి ఇస్తే చాలనుకోవద్దు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్లు పెట్టండి, స్టీలు బిందెలో, మూతతో.

రాకముందు చేసే ఫోన్

అందరూ చెడగొట్టేది ఇక్కడే. బుకింగ్ చేసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, గేట్లు ఎత్తిండ్రా?" బేరం పోతుందన్న భయంతో చాలామంది "మీరొచ్చేసరికి ఎత్తుతరు, రండి" అనేస్తారు. వాళ్లు వస్తారు. డ్యామ్ 26 గేట్లూ మూసే ఉంటాయి. ఆ తర్వాత మీరు పెట్టే నాటుకోడి కూర అమృతంలా ఉన్నా వాళ్లకు గుర్తుండేది ఆ మూసిన గేట్లే.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నీటి మట్టం లెక్క తెలిసుండాలి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, పైనున్న శ్రీశైలానిది 885. కృష్ణకు వరదొచ్చి శ్రీశైలం గేట్లు ఎత్తారంటే ఆ నీళ్లు మన దగ్గరికే వస్తాయి. ఇక్కడ మట్టం 590కి చేరువై, ఇన్‌ఫ్లో తగ్గకుండా ఉంటేనే గేట్లు ఎత్తుతారు. ఇది ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య జరుగుతుంది. వర్షాలు సరిగా లేని ఏడాది అసలు జరక్కపోవచ్చు. రెండు డ్యాముల మట్టాలు రోజూ పేపర్లో వేస్తారు, అది చూశాకే మాట్లాడండి. "ఈ రోజు 572 అడుగులుంది సార్, ఈ వారం ఎత్తేలా లేరు. గేట్ల కోసమే అయితే ఆగండి. ఊరికే రెండు రోజులు ఉండిపోదామంటే రండి, జనం ఉండరు" అని చెప్పాలి. కొందరు మానుకుంటారు. మానుకోనివ్వండి, గేట్లు ఎత్తినప్పుడు వాళ్లే మళ్లీ ఫోన్ చేస్తారు.

గేట్లు ఎత్తినప్పుడూ నిజమే చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం డ్యామ్ దారిలో కారు కదలదు. పొద్దున్నే వెళ్లమనండి, లేదా శనివారం కాకుండా సోమవారం రమ్మనండి. డ్యామ్ మీదికి మామూలు జనాన్ని పోనివ్వరు, కింద బ్రిడ్జి దగ్గరి నుంచే చూడాలి. "డ్యామ్ మీద నడవొచ్చు" అని ఆశపెట్టారో, అక్కడ పోలీసుల దగ్గర తల వంచుకోవాల్సింది మీ అతిథి.

నాగార్జునకొండ సంగతి ఇంకో మెలిక. అది రిజర్వాయర్ మధ్యలోని దీవి, లాంచీలోనే వెళ్లాలి. శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లో కూడా గాలి ఎక్కువైనా, జనం తక్కువైనా లాంచీ కదలకపోవచ్చు. కాబట్టి "లాంచీ ఉంటుంది" అనకండి, "పొద్దున కనుక్కుని చెప్తా" అనండి. చెప్పినట్టే పొద్దున కనుక్కోండి. లాంచీ లేకపోతే చూపించడానికి బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం ఉంది, డ్యామ్ నుంచి 11 కిలోమీటర్ల దూరంలో ఎత్తిపోతల జలపాతం ఉంది. ఎత్తిపోతలకు వానాకాలంలోనే పంపండి, మే నెలలో పంపితే తిట్టుకుంటారు.

లొకేషన్ పంపితే పనైపోయిందనుకోకండి. మ్యాప్ చాలాసార్లు వెనక సందులోకి తీసుకెళ్తుంది. కొండమల్లేపల్లి దాటాక ఒక ఫోన్ చేయమనండి, గుర్తు మీ నోటితో చెప్పండి.

వచ్చాక

తాళం ఇచ్చి, గీజర్ స్విచ్ చూపించి, చాయ్ ఇచ్చి పక్కకు తప్పుకోండి. పావుగంట చాలు. కొందరు హోస్టులు సోఫాలో కూర్చుని తమ కథంతా చెప్తారు, గేటు దగ్గర నిలబడి ఎంతమంది దిగారో లెక్కపెడతారు. తలల లెక్క ఫోన్‌లోనే తేలిపోవాలి. బుద్ధవనం చూడ్డానికి విదేశీయులు వస్తే వాళ్ల వివరాలు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. అది చట్టం, మొహమాటానికి చోటు లేదు.

తిండి

పొద్దున ఇడ్లీ పెట్టొద్దు. ఇడ్లీ వాళ్ల గల్లీలోనూ దొరుకుతుంది. సర్వపిండి చేయండి, అది వేడిమీదే బాగుంటుంది కాబట్టి వాళ్లు లేచాకే పెనం పెట్టండి. రాత్రికి జొన్నరొట్టె, పచ్చిపులుసు, సాగర్ చేపల పులుసు. చేపల పులుసులో చింతపండు తగ్గిస్తే అది పులుసే కాదు, ఎవరేమన్నా వినకండి. కారం మాత్రం పిల్లలకు వేరుగా తగ్గించి వండాలి. పన్నీర్ బటర్ మసాలా అడిగితే మర్యాదగా హోటల్ దారి చూపించండి.

వెళ్లేటప్పుడు

వాళ్లు కారెక్కకముందే గదిలోకి దూరి టవళ్లు లెక్కపెట్టొద్దు. ఐదు స్టార్లివ్వమని అడగొద్దు. దారిలో తినడానికి ఏదైనా కట్టివ్వండి, ఆయిల్ కారనిది. సీటు మీద నూనె మరక పడితే హైదరాబాద్ చేరేదాకా మిమ్మల్నే తలుచుకుంటారు. ఏ గదిలోనైనా ఛార్జర్ మర్చిపోయారేమో వాళ్లనే ఒకసారి చూసుకోమనండి, ఎక్కువగా మిగిలిపోయేది అదే.