పాటతో పాటు వాయిస్తే కలవడం లేదా? సమస్య - పరిష్కారం

"సార్, స్వరాలన్నీ కరెక్టే, కానీ రికార్డుతో పాటు వాయిస్తే కలవట్లేదు." వారానికి ఇద్దరైనా ఈ మాటే చెబుతారు. వేళ్లు తిరుగుతాయి, స్వరాలు గుర్తుపట్టగలరు అనుకునే ఇది రాస్తున్నాను.

మొదటి స్వరం నుంచీ అన్నీ ఒకే లెక్కన తేడా

కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ (మెట్లన్నిటి శ్రుతినీ ఒకేసారి పైకో కిందికో జరిపే సెట్టింగ్) సున్నాలో ఉందా? దయచేసి చూడండి. "చూశాను సార్" అని చూడకుండా చెప్పకండి. పోయిన వారం ఎవరో గాయకుడి కోసం +2 పెట్టి ఉంటారు, దాన్ని అలాగే వదిలేసి ఉంటారు. సగం కేసులు ఇక్కడితోనే అయిపోతాయి.

మొదట్లో బాగానే ఉంది, చివర్లో తప్పుతోంది

పాటే శ్రుతి మార్చింది. విట్నీ హ్యూస్టన్ 1992లో పాడిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' ఆరు శ్రుతిలో (అంటే A) నడుస్తుంది. ఒక్క క్షణం అంతా ఆగి, డ్రమ్ మీద ఒక దెబ్బ పడగానే ఏడుకి (B) ఎక్కుతుంది. ఆ దెబ్బ వినగానే చెయ్యి రెండు మెట్లు, నల్లదాన్ని కూడా లెక్కేసి, కుడికి జరపండి.

గిటార్ మీద కార్డ్‌లు సరే, ఆ మోత రావట్లేదు

కేపో, అంటే గిటార్ మెడ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్. బీటిల్స్ 1969 నాటి 'హియర్ కమ్స్ ద సన్'కి కేపో ఏడో ఫ్రెట్ మీద ఉంటుంది. అది లేకుండా ఎంత మీటినా ఆ తళుకు రాదు.

తాళం జారుతోంది

ఎక్కడో ఒక ఆవృత్తం పొట్టిగా ఉంది. ఔట్‌కాస్ట్ 'హే యా' (2003) చూడండి: నాలుగేసి దెబ్బలు మూడుసార్లు, తర్వాత రెండే దెబ్బలు, మళ్లీ నాలుగేసి రెండుసార్లు. మొత్తం 22. ఆ రెండు దెబ్బల్ని నోటితో గట్టిగా లెక్కపెడితే చాలు, పాట దానంతటదే దారిలో పడుతుంది. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' లాంటి ఏడు దెబ్బల పాటలంటే మిశ్రచాపు అలవాటున్న మనవాళ్లకు పెద్ద టెన్షన్ అక్కర్లేదు.

ఏ మెట్టు నొక్కినా కలవడం లేదు

అసలు తలనొప్పి ఇదే. ఆరు నొక్కితే తగ్గినట్టుంటుంది, ఆరున్నర (ఆరుకీ ఏడుకీ మధ్య నల్ల మెట్టు) నొక్కితే పెరిగినట్టుంటుంది. మీ చెవి బాగానే ఉంది, కీబోర్డూ బాగానే ఉంది. పాటే రెండు మెట్ల మధ్య కూర్చుంది.

దీనికి పేరుమోసిన ఉదాహరణ బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్'. 1966 చివర్లో దాన్ని రెండు రకాలుగా రికార్డు చేశారు. జాన్ లెనన్‌కు ఒకదాని మొదలు నచ్చింది, రెండోదాని చివర నచ్చింది. రెండూ కలిపెయ్యమన్నాడు. వాటి శ్రుతులు వేరు, వేగాలూ వేరు. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ ఒక టేపు వేగం పెంచి, రెండోదాని వేగం తగ్గించి, సరిగ్గా నిమిషం దగ్గర అతికించారు. టేపు వేగం మారితే శ్రుతీ మారుతుంది కదా! దాంతో పాట ఆరుకీ ఆరున్నరకీ మధ్య ఇరుక్కుంది. ఆ గొంతులో వినిపించే కలలాంటి మత్తులో కొంత వాటా ఈ సాగదీతదే. ఆ అతుకు ఒకసారి తెలిశాక వినకుండా ఉండలేరు.

నా చెయ్యి కాలింది మాత్రం ఇంత గొప్ప పాటతో కాదు. శ్రీరామనవమికి ఒక పాత భజన పాట నేర్పుతున్నాను. ఎవరో క్యాసెట్ నుంచి ఫోన్లోకి ఎక్కించిన కాపీ అది. హార్మోనియం వాయించే కుర్రాడిది కలవడం లేదు. "శ్రుతి సరిగ్గా విను నాయనా" అని వాణ్ని రెండు సాయంత్రాలు సతాయించాను. మూడో రోజు నేనే కూర్చుంటే నాకూ కలవలేదు. క్యాసెట్ ప్లేయర్ బెల్టు వదులై పాట అసలు వేగం కంటే నెమ్మదిగా రికార్డయింది, అంతే. వాడికి సారీ చెప్పి టీ తాగించాను.

లెక్క చిన్నదే. పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు. వేగం మూడు శాతం మారితే దాదాపు 50 సెంట్లు, అంటే సరిగ్గా నడిమధ్యకు వచ్చినట్టు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను టీవీ కోసం 25 చొప్పున నడిపితే పాట 70 సెంట్లు పైకి పోతుంది. టీవీ నుంచి ఎక్కించిన పాత సినిమా పాట కలవకపోతే ఈ అనుమానం పడండి.

పట్టుకోవడం ఇలా. పాటలో బేస్ నిలబడే చోట, లేదా చివరి స్వరం సాగే చోట ఆపకుండా వినండి. దగ్గరి మెట్టు నొక్కి పట్టుకోండి. రెండూ కలిసి ఊంయ్ ఊంయ్ అని అలల్లా ఊగుతుంటే తేడా ఉన్నట్టే. ఇప్పుడు కీబోర్డ్‌లో ట్యూనింగ్ సెట్టింగ్ తెరవండి. అది ట్రాన్స్‌పోజ్ కాదు, 440 (హెర్ట్జ్) అని కనిపించేది. ఒక్కొక్క అంకె జరుపుతూ పోతే ఊపు నెమ్మదిస్తుంది, ఒకచోట ఆగిపోతుంది. అదే పాట శ్రుతి. నడిమధ్య పాటైతే అది 453 దగ్గర ఆగుతుంది. కొన్ని మోడళ్లలో అంత దూరం జరగదు, అప్పుడు పై మెట్టు నుంచి కిందికి రండి. గిటారైతే తీగలు పాటకే సరిచేసుకోండి, ట్యూనర్‌ని పక్కన పెట్టండి.

హార్మోనియంకి ఈ సౌకర్యం లేదు. పాటనే జరపాలి: ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగమూ శ్రుతీ కలిపి మార్చేది వాడండి. టేపు వల్ల వచ్చిన తేడాకి అదే సరైన విరుగుడు. శ్రుతి ఒక్కటే మారిస్తే నడక తప్పుగానే మిగులుతుంది. స్ట్రాబెర్రీ లాంటివాటిని మాత్రం ఇలా "బాగు" చేసి ఎవరికీ పంపకండి. వాయించుకోవడానికి ఒక కాపీ ఉంచుకుంటే చాలు.

ఇక పాటని 440కి బదులు 432 హెర్ట్జ్‌కి శ్రుతి చేశారనే రహస్యం, కీబోర్డ్ చిప్ పాడైందేమో, బ్లూటూత్ శ్రుతి మారుస్తుందేమో అంటారా? బ్లూటూత్ ఆలస్యం చేస్తుంది గానీ శ్రుతి మార్చదు. మిగతావి నాకింతవరకూ తగల్లేదు.

వాయించడం అయ్యాక ట్యూనింగ్‌ని మళ్లీ 440కి తెచ్చి పెట్టండి. లేకపోతే వచ్చే వారం ఫోన్ చేసేది మీరే.