వానకు పైనుంచి కరిగే మట్టి బొమ్మ కట్టే పద్ధతి

మట్టి బొమ్మ ఎలాగూ వానకు కరుగుతుంది. ఏ భాగం ముందు పోవాలో, ఏది చివరిదాకా నిలవాలో తేల్చుకునే కట్టాలి. అడుగు ముందు నానిందంటే 4 అడుగుల బొమ్మ బరువుకు బోర్లా పడుతుంది, పక్కన పిల్లలుంటే ప్రమాదం.

బొమ్మకు 3 సరుగుడు కర్రలు కావాలి. ఒక్కొక్కటి అయిదున్నర అడుగులు, అందులో అడుగున్నర నేలలోకి. కర్రల మొదలు చుట్టూ 6 అంగుళాల ఎత్తున రాళ్ల అరుగు, బయటికి వాలుగా. వాన నేలన పడి చిమ్మే నీళ్లే బొమ్మ కాళ్లను తినేస్తాయి. కర్రల చుట్టూ వెదురు బద్దలు బుట్టలా అల్లి కొబ్బరి తాడుతో బిగించండి. ఇనప తీగ, మేకులు వద్దే వద్దు: విశాఖ ఉప్పుగాలికి తుప్పుపడతాయి, మట్టి రాలాక మొనలు పొడుచుకొస్తాయి. బుట్ట మీద వరిగడ్డి వెంటి (గడ్డితో పేనిన తాడు) దగ్గరగా చుట్టాలి. మట్టి పట్టుకునేది దాన్నే.

మట్టికి కొలత: జల్లించిన చెరువు బంకమట్టి 4 తట్టలు, ఏటి ఇసుక 2, ఊక 1, ఆవుపేడ 1. తడిపి గోనె కప్పి 5, 6 రోజులు నానబెట్టి, రోజూ తొక్కాలి. దగ్గర్లో ఉందని బీచ్ ఇసుక వాడితే ఉప్పు తెల్లగా పైకి తేలి పొర పొడిపొడిగా రాలుతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి తట్టెడు కూడా తేవద్దు, అది కాపాడుకోవాల్సిన భూవారసత్వం. ముందు ఓ బిళ్ల చేసి నీడలో ఆరబెట్టండి. గోరు దూరేంత పగులు వస్తే బంక ఎక్కువ, ఇంకో అరతట్ట ఇసుక కలపండి. గోకితే రాలిపోతుంటే ఇసుక ఎక్కువ.

మొదటి పొర అంగుళం మందం, గడ్డిలోకి దిగేలా వేళ్లతో నొక్కుతూ. నీడలో 3, 4 రోజులు ఆరాక పైన తడి చిలకరించి అరంగుళం రెండో పొర. నేరుగా ఎండ తగిలితే పైమట్టి ముందు బిగిసి పెచ్చులు లేస్తుంది.

కరిగే వరసను ఈ రెండో పొరలోనే పెట్టాలి. తలకు, భుజాలకు ఊక, పేడ లేని ఇసుకపాటి మట్టి. నడుము కింద ఊక రెట్టింపు, పదో వంతు తడి సున్నం (చేతికి తొడుగులు తప్పనిసరి). రంగుకు జాజు చాలు. ఎనామిల్ వేస్తే లోపలి తడి బయటికి పోలేక పలకలుగా ఊడుతుంది, ఆ పెంకులు మట్టిలో కలవవు.

ఫిబ్రవరిలో మొదలుపెడితే ఏప్రిల్‌కి ఆరుతుంది. జూన్ జల్లులకు ముఖం చెదురుతుంది. అక్టోబరు వాయుగుండాలకు గడ్డి బయటపడుతుంది. ఆ తర్వాత చెదల వంతు, మందు కొట్టకండి. పార్కులో పెట్టాలంటే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అనుమతి ముందే తీసుకోండి. గడ్డి కనబడ్డప్పటి నుంచి వారానికోసారి కర్రల్ని ఊపి చూడాలి. మొదలు దగ్గర కదిలాయంటే తుపాను దాకా ఆగకుండా వెదురుబుట్టను పడుకోబెట్టి, అక్కడే కుళ్లనివ్వండి.