ట్రాక్ మీదికి వెళ్లే కారు: సస్పెన్షన్ ముట్టుకునే ముందు జాగ్రత్తలు

కోనసీమలోనో భీమవరం వైపో తిరిగే కారుకు అడుగున తుప్పు పట్టకుండా ఉండదు. గాలిలో తేమ, తీరం దగ్గరైతే ఉప్పు, వానాకాలమంతా రోడ్ల మీద నిలిచే నీళ్లు. అలాంటి కారు ఎత్తు తగ్గించి, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వంగే కోణం) మార్చి, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకువెళ్లాలనుకునేవారు ముందు దాని ఆరోగ్యం చూడండి. అరిగిన బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగుల) మీద ఎంత ఖరీదైన అలైన్‌మెంట్ చేయించినా మొదటి మలుపులోనే మారిపోతుంది.

జాకీతో లేపిన కారును స్టాండ్ల మీదికి దించకుండా కిందికి దూరవద్దు. అదీ గట్టి గచ్చు మీదే. మన ఒండ్రు నేల తడిస్తే స్టాండు దిగబడుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే బేరింగునో బాల్ జాయింటునో అనుమానించాలి. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్ దగ్గర ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తితే రబ్బరులో చీలిక కంటికే కనిపిస్తుంది. ఎత్తు మార్చే కాయిలోవర్ల (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగాల) మరల్లో బురద ఎండి బిగుసుకుని ఉంటుంది. బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా వదిలేయండి. బలవంతం చేస్తే కాలర్ మరలు ఊడతాయి.

స్ప్రింగ్ విప్పడం ప్రాణాల మీదికి తెచ్చే పని. స్ప్రింగును అదిమిపట్టే కంప్రెసర్లు రెండూ ఎదురెదురుగా పెట్టి, కొంచెం కొంచెంగా సమానంగా బిగించాలి. స్ప్రింగ్ తన సీటు మీద వదులైందని చేత్తో తిప్పి చూశాకే పై నట్టు విప్పాలి. మంచి కంప్రెసర్లు లేకపోతే రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో తెలిసిన గ్యారేజీకి ఇవ్వండి. ఇక్కడ పొదుపు వద్దు.

సెట్టింగులో ముందు ఎత్తు, తర్వాత క్యాంబర్, చివరికి టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం). ఎత్తు మారితే మిగతా రెండూ మారతాయి, క్యాంబర్ కదిపితే టో కదులుతుంది. డ్రైవర్ సీటులో మీ బరువు ఉంచి కొలవండి. రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు నేల మీద ఉన్నప్పుడే పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు గానీ బ్రేక్ గొట్టం గానీ ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోండి.

బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు; తేమ చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. మన వాతావరణంలో ట్రాక్‌కు ముందు మార్చి తీరాలి.

కొత్త సెట్టింగును కాలువ గట్టు రోడ్ల మీద పరీక్షించవద్దు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేలు, కోతల రోజుల్లో రోడ్డు మీదే ధాన్యం. తప్పించుకునే చోటే ఉండదు.

ట్రాక్ మీద ఒక విడతకు ఒక్క మార్పే చేసి, రాసుకోండి. టైరు ఐదారు డిగ్రీలు వేడెక్కితే గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (టైరు గాలిని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది కాబట్టి ట్రాక్ దిగి లోపలికి రాగానే కొలవాలి. మొదటి విడత అయ్యాక చక్రాలు చల్లారనిచ్చి, నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. రాజమహేంద్రవరానికి తిరుగు ప్రయాణం ఐదు వందల కిలోమీటర్లకు పైనే. చక్రాలు బయటికి చూసేలా టో పెట్టి ఉంటే, బయలుదేరే ముందే రోడ్డు కొలతలకు తెచ్చేయండి. లేదంటే టైర్ల లోపలి అంచులు దారిలోనే అరిగిపోతాయి.