వావిలాకు ధూపం

వినాయక చవితికి తెచ్చిన పత్రిలో పూజకు వాడగా మిగిలిన రెమ్మలను మా అత్తగారు పారేసేవారు కాదు. చాప మీద పోసి, నాలుగు రకాలు మాత్రం ఏరి పక్కన పెట్టేవారు: వావిలి, మాచిపత్రి, మరువం, తులసి. శుక్రవారం సాయంత్రాలు, అమావాస్యనాడు మా ఇంట్లో ధూపం ఆ ఆకులతోనే. అయిపోతే వావిలి మాత్రం చేనిగట్టు మీది కంచె నుంచి మళ్లీ కోసుకొస్తాం.

ఏరడం దగ్గరే చాలామంది పొరబడతారు. 21 పత్రాలూ పూజకు పనికివస్తాయి కాబట్టి నిప్పు మీద వేయడానికీ పనికివస్తాయని అనుకోవద్దు. ఆ పత్రిలో ఉమ్మెత్త ఉంటుంది, గన్నేరు ఉంటుంది, జిల్లేడు ఉంటుంది. మూడూ విషపు మొక్కలే. వాటి ఎండాకు ఒక్కటి కూడా ధూపంలో కలవకూడదు. పూజలో సింధువారపత్రం అని చదివేది వావిలినే; కాడకు ఐదేసి సన్నటి ఆకులు, వెనుకవైపు బూడిదరంగు, నలిపితే ఘాటైన వాసన. గుర్తుపట్టలేని ఆకును ఎంత మంచి వాసన వచ్చినా వదిలేయండి.

ఆరబెట్టడం నీడలోనే. ఎండలో వేస్తే త్వరగా ఎండుతుంది, కానీ వాసన ఎగిరిపోతుంది. గాలి ఆడే వరండాలో పాత నూలుచీర పరచి, పలచగా పోసి, రోజుకు ఒకసారి తిరగేయాలి. వారం, పది రోజులకు ఆకు గుప్పిట్లో గలగలలాడుతుంది. కాడ వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. నా కాపురం తొలి ఏడాది ఈ మాట పట్టించుకోక పచ్చి ఆరని వావిలాకు నిప్పుల మీద వేశాను. ఇల్లంతా కళ్లు మండే పొగ. మామగారు రాత్రంతా దగ్గారు. "పొగ కాదమ్మా, వాసన రావాలి" అన్నారు అత్తగారు, కోపం లేకుండా.

ఆ మాట మంత్రంలోనే ఉంది. షోడశోపచారాల్లో పువ్వుల తరువాత, దీపానికి ముందు "ధూపమాఘ్రాపయామి" అంటాం. ఆఘ్రాణం అంటే వాసన చూడటం. దేవుడికి సమర్పించేది పరిమళాన్ని. అందుకే నేను ఆకును మెత్తగా పొడి చేయను. పొడి నిప్పును కప్పేసి దట్టంగా పొగ లేపుతుంది. అరచేతుల మధ్య నలిపి, ఈనెలు తీసేసి, గాజుసీసాలో పోస్తాను. నాలుగు గుప్పిళ్ల వావిలికి రెండు గుప్పిళ్ల తులసి, ఒక గుప్పెడు మరువం, అందులో సగం మాచిపత్రి. ద్వాదశినాడు, పొద్దుగూకాక తులసి కోయకపోవడం మా ఇంటి నియమం.

ఇల్లు ఊడ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, కిటికీలు తెరవండి. కొబ్బరిచిప్పల బొగ్గులు బయటే రాజేయండి. ఎర్రటి నిప్పు మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా ఓపిక పట్టి, అప్పుడు మట్టి ధూపపాత్రలోకి తీసుకోండి. ముందు చిటికెడు సాంబ్రాణి. అది కరిగి బుడగలు వస్తున్నప్పుడు మూడు వేళ్లకు వచ్చినంత ఆకు. మంట లేస్తే కాస్త బూడిద చల్లండి. మేము పూజగదిలో మొదలుపెట్టి, ప్రతి గది మూలకూ చూపించి, సింహద్వారం దగ్గర ముగిస్తాం. అప్పుడు దీపం పెడతాం.

చంటిపిల్లలకు నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ పట్టడం మా వైపు ఆచారం. మేము మానేశాం. చిన్న ఊపిరితిత్తులకు ఆ పొగ మంచిది కాదు. ఆయాసం ఉన్నవాళ్లకూ అంతే. ధూపం వేసేటప్పుడు వాళ్లను పెరట్లో కూర్చోబెడతాను. నిప్పులున్న పాత్రను తలుపులు మూసిన గదిలో ఎన్నడూ ఉంచవద్దు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

పూజ అయ్యాక పాత్రను పెరట్లోకి తీసుకెళ్లి, నిప్పుల మీద నీళ్లు చల్లి, తెల్లవారాక ఆ బూడిదను మల్లెపాదులో వేస్తాను.